ఐదు గంటల సిగ్నల్

బావగారికి ఏ మనిషిని చూసినా, ఏ వస్తువుని చూసినా ముందు రెండు సంగతులు తేలాలి: బలం ఎంత, నాణ్యత ఎంత. ఆ రెండూ తేలేదాకా ఆయన ఎదుటివాళ్ళకి కుర్చీ చూపించరు, మంచినీళ్ళు కావాలా అని అడగరు. తేలాక మాత్రం ప్రాణం పెడతారు.

బావగారంటే ఆ ఇంటి చిన్నకోడలికి బావగారు. భర్తకి అన్న. వీధిలో మిగతావాళ్ళకి ఆయన ఏమీ కారు. కానీ చిన్నకోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఆమె పిలిచే పిలుపు అందరి నోళ్ళకీ అంటుకుని, ఆయనకంటే పదేళ్ళు పెద్దయిన బ్రెడ్డు బట్టీ ముసలాయన కూడా "ఏం బావగారూ" అనే పలకరిస్తాడు. అసలు పేరు ఒక్క కరెంటు బిల్లుకే తెలుసు.

ఈ బలం, నాణ్యత గొడవంతా టీవీ పక్కన పెట్టుకునే చిన్న డబ్బాతో మొదలైంది. ఊరవతల కొండ మీద టవర్ ఉంది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ బొమ్మ అక్కణ్ణుంచే గాలిలో వస్తుంది. డాబా మీద చేపముల్లు లాంటి యాంటెనా దాన్ని అందుకుని కిందికి దింపితే, డబ్బా విప్పి చూపిస్తుంది. పాత రోజుల్లో యాంటెనా కాస్త పక్కకి తిరిగినా చుక్కల వెనకాల మనిషి ముక్కూ చెవులూ ఆనేవి. ఈ కొత్త పద్ధతిలో అలాంటి మొహమాటాలు లేవు. వస్తే అద్దంలా వస్తుంది. లేదా గళ్ళుగళ్ళుగా పగిలిపోయి, వార్తలు చదివే అమ్మాయి తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోతుంది. డబ్బా మీట నొక్కితే తెర మీద రెండు గీతలు కనబడతాయి. బొమ్మ ఎంత గట్టిగా అందుతోందో ఒక గీత, ఎంత శుభ్రంగా అందుతోందో ఒక గీత. బలం, నాణ్యత. పక్కన వందకి ఎంతో అంకె.

ఆ రెండు గీతలూ చూసిన రోజున బావగారు గుండెల మీద చెయ్యి వేసుకుని, "ఇన్నాళ్ళూ మనుషుల్ని ఎలా కొలవాలో తెలీక చచ్చానే!" అన్నారు.

"ఇప్పుడు మమ్మల్ని చంపండి," అంది అక్కయ్య. అక్కయ్యంటే బావగారి భార్య. నోరు కత్తెర, మనసు వెన్న. కత్తెరే ముందు తగులుతుంది.

నలభై ఏళ్ళు ఆయన మెట్ల కింద కొట్లో గడియారాలు బాగుచేశారు. కంటికి అద్దం తగిలించుకుని తగిలించుకుని కుడికన్ను ఎప్పుడూ సగం మూసే ఉంటుంది. చెవులు మాత్రం పాముచెవులు. ఎదురింటి దర్జీ కొట్లో గోడగడియారం కుంటితే ఇటుపక్క అన్నం తింటూ పసిగట్టేవారు. "ఒరేయ్, నీ గడియారం ఎడంకాలు ఈడుస్తోందిరా!" అని కేకేస్తే, దర్జీ సూది పక్కన పెట్టి చూసేవాడు. నిజంగానే మూడు నిమిషాలు వెనక. చేతి గడియారాలు కట్టేవాళ్ళు తగ్గిపోయి కొట్టు మూసేశాక ఆ చేతులకి పని లేకుండాపోయింది. సరిగ్గా అప్పుడే వీధిలోకి డబ్బాలొచ్చాయి. ఇక చూసుకోండి.

నెల తిరిగేసరికి వీధిలో ఏ డాబా మీద చూసినా బావగారే. పిలిచినవాళ్ళింటికీ వెళ్ళారు, పిలవనివాళ్ళింటికీ వెళ్ళారు. స్నానం చేసి తల తుడుచుకుంటూ డాబా మీదికొచ్చిన బట్టీ ముసలాయన, యాంటెనాని కౌగిలించుకుని ఉన్న బావగారిని చూసి కెవ్వుమన్నాడు. "కదలకండి! మీరక్కడ నిలబడితే నాలుగు పెరిగింది!" అన్నారు బావగారు. ముసలాయన తువ్వాలుతోనే పావుగంట నిలబడ్డాడు. ఆ వీధి యాంటెనాలన్నీ బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా ఒక్క వైపే, కొండ వైపే, చూస్తూ నిలబడ్డాయి.

ఆయన సొంత యాంటెనా మీద ఓ పావురం వాలేది. అది కూర్చుంటే నాణ్యత రెండు పెరుగుతుందని కనిపెట్టారు. అంతే, దానికి ఉద్యోగం ఇచ్చేశారు. సాయంత్రం వార్తల వేళకి గుప్పెడు గింజలు జీతం. ఓ రోజు అది రాలేదు. "సెలవు చీటీ కూడా పెట్టలేదు," అని రాత్రి భోజనం దాకా గొణిగారు.

సోమవారం సోమవారం టవర్ ఆఫీసుకి ఫోను చేసేవారు. అక్కడ ఫోనెత్తే అమ్మాయికి ఆయన గొంతు కంఠతా వచ్చేసింది.

"బావగారేనా? టవర్ బావుందండీ. మీరెలా ఉన్నారు?"

"నేనా తల్లీ? బలం యాభై. నాణ్యత తొంభై. నీకు జలుబు చేసినట్టుంది, నలభైకి పడిపోయావు. వేణ్ణీళ్ళు తాగు."

ఇంట్లో తిండికీ ఇదే వరస. ఒకసారి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, "కూరకి బలం తొంభై, నాణ్యత ఇరవై ఎనిమిది," అన్నారు.

"అంటే?"

"కారం ఉంది, ఉప్పు లేదు."

అక్కయ్య కంచం ఎత్తి లోపల పెట్టేసింది. "ఇప్పుడు సిగ్నలే లేదు. తినండి."

కూతుర్ని చూడటానికి పెళ్ళివారొచ్చిన రోజైతే ఇల్లు కూలిపోవలసిందే. పిల్లవాడు గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టకముందే బావగారు అందరికీ వినబడేలా, "బలం ఎనభై ఐదు, నాణ్యత ముప్పై," అనేశారు. పిల్లవాడి తల్లి లేచి నిలబడింది. పిల్లవాడు మాత్రం, "ముప్పయ్యేనాండీ? ఇంకెలా పెంచుకోవాలండీ?" అని అడిగాడు. బావగారు అక్కడికక్కడే మనసు మార్చుకుని, "ఆ మాటకి అరవై," అని కూతుర్నిచ్చేశారు. ఇప్పుడు డెబ్భై ఎనిమిది నడుస్తోంది. కూతురు అప్పుడప్పుడూ కాస్త తిప్పుతూ ఉంటుందట.

ఇంతమందికి ఇన్ని అంకెలిచ్చిన బావగారు ఒక్క మనిషి అంకె మాత్రం చెప్పడం మానేశారు. పై వాటాలో ఉండే చిన్నకోడలిది.

ఆమె భర్త, అంటే బావగారి తమ్ముడు, నిరుడు ఒక మధ్యాహ్నం పనిచేసే చోటే కుర్చీలో తల వాల్చాడు. మళ్ళీ ఎత్తలేదు. పిల్లల్లేరు. పై వాటాలో రెండు గదులు, ఒక టీవీ, ఆమె. ఆ తర్వాత ఆమె మాటలన్నీ ఎవరో సంచిలో వేసి మూతి కట్టేసినట్టయింది. తిన్నావా అంటే ఊఁ. పడుకున్నావా అంటే ఊఁ. టీవీ పొద్దున్నించీ పెట్టే ఉంచేది. గొంతు మాత్రం పూర్తిగా తగ్గించేసేది. గదిలో ఏదో ఒకటి కదులుతుంటే చాలు ఆమెకి. బట్టలారేసే డాబా మీదికి కూడా వెళ్ళడం మానేసింది. అక్కడ యాంటెనా ఉంది. అతను బిగించింది. బిగించిన రోజు నుంచీ ఒక్కపూట మొరాయించింది లేదు. బావగారు సైతం, "అది వాడి చేతి పని, నేను ముట్టుకోను," అనేవారు.

పూర్వం తోడికోడళ్ళిద్దరికీ కుళాయి దగ్గర రోజుకో యుద్ధం. ఇప్పుడు అక్కయ్య కావాలని తన బిందెలు నాలుగూ అడ్డంగా పెట్టినా, చిన్నకోడలు పక్కన నిలబడి ఊరుకునేది. "ఏమండీ, ఆ పిల్ల నన్ను ఒక్క మాటైనా తిడితే బావుండునండీ," అని అక్కయ్య లోపలికొచ్చి కళ్ళొత్తుకునేది.

అలాంటి రోజుల్లో ఆమె అన్నయ్య వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మంచివాడే, కాకపోతే ఏ పనైనా నట్టు బిగించినట్టు బిగించేస్తాడు. "ఇక్కడ ఒంటరిగా గోడలు చూస్తూ కూర్చుంటావా? మా ఇంట్లో వెనక గది ఖాళీ చేయిస్తున్నా. నెలాఖరు ఆదివారం బండి తెస్తాను. సామాను సర్ది ఉంచు," అన్నాడు.

"ఊఁ," అంది చిన్నకోడలు.

వెళ్ళాలని ఉందో లేదో ఆమెకే తెలీదు. లేదని చెప్పాలంటే మాటలు కావాలి. వాటి సంచి మూతి కట్టి ఉంది. కింద వాకిట్లో కూర్చున్న బావగారు ఆ ఊఁ విన్నారు. ఆ పూట సోమవారమైనా ఫోను చెయ్యలేదు.

మర్నాడు సాయంత్రం ఐదు గంటలకి ఆమె టీవీలో వార్తలమ్మాయి గళ్ళుగళ్ళుగా పగిలి, నోరు తెరిచి ఆగిపోయింది. చిన్నకోడలు లేచి చూసేలోపే తలుపు మీద దబదబ.

"అమ్మాయ్! బొమ్మ పోయిందా?"

ఎలా తెలిసిందని అడగాలని ఆమెకి తోచలేదు. బావగారికి అలాంటివి గాలిలోనే తెలుస్తాయని వీధంతా అనుకునేదే. "గాలికి కదిలినట్టుందమ్మా. నేను పైన తిప్పుతాను. నువ్వు కిటికీ దగ్గర నిలబడి అంకె చెప్పు," అని పైకి వెళ్ళిపోయారు.

కాసేపటికి డాబా మీంచి కేక. "ఎంత?"

"పన్నెండు," అంది ఆమె.

"వినపడలేదు!"

"పన్నెండు."

"వినపడలేదమ్మాయ్! గట్టిగా!"

"పన్నెండండీ!" అంది. సొంత గొంతు చెవిన పడి ఆమే ఉలిక్కిపడింది.

"బలమా, నాణ్యతా?"

"బలం!"

"బలం ఎవడిక్కావాలి! నాణ్యత చెప్పు!"

ఆ రోజు ఆరున్నరకి బొమ్మ వచ్చింది. మర్నాడు ఐదింటికి పోయింది. ఆ మర్నాడు కూడా. ఐదు కొట్టేసరికి పోవడం, బావగారు డాబా ఎక్కడం, ఈమె కిటికీలో నిలబడటం. ఎంత? ఇరవై! వినపడలేదు! ఇరవై అంటున్నానా! వారం తిరిగేసరికి ఎదురింటి దర్జీ ఐదింటికి మిషను ఆపి చెవి ఒగ్గడం మొదలెట్టాడు. "అమ్మా, నిన్న నలభై ఒకటి దాకా వెళ్ళారు, ఇవాళ ముప్పయ్యేనా? ఛ!" అని వీధికి అటుపక్కనుంచి బాధపడేవాడు. బట్టీ ముసలాయనైతే బ్రెడ్డు ముక్కలు కోస్తూ, "కుడికి తిప్పమనండి!" అని సలహా కూడా ఇచ్చేవాడు.

పదో రోజున చిన్నకోడలికి ఒళ్ళు మండింది.

"కుడికి బావగారూ!"

"తిప్పాను!"

"అది కుడా? తగ్గిపోయింది!"

"నా కుడి ఇదేనమ్మా!"

"మీ కుడి కాదండీ, నా కుడి! కొండకేసి తిరగండి! అబ్బబ్బ, ఇన్ని గడియారాలు ఎలా విప్పారండీ మీరు? ముల్లు ఎటు తిరుగుతుందో తెలిసే విప్పారా?"

అనేశాక నాలిక కరుచుకుంది. పెద్దాయన. తండ్రి లాంటివాడు. కింద అక్కయ్య గరిటె చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు పైనుంచి చాలా మర్యాదగా ఒక గొంతు. "ఆ చివరి మాట సరిగ్గా వినపడలేదమ్మాయ్. ఇంకోసారి గట్టిగా అంటావూ?"

చిన్నకోడలికి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. సంచి మూతి కాస్త వదులైనట్టుంది, ఆ మర్నాడు కుళాయి దగ్గర, "అక్కయ్యా, నాలుగు బిందెలు పెడితే మిగతావాళ్ళు నీళ్ళు తాగక్కర్లేదా?" అనేసింది. అక్కయ్య బిందెలు అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తింది. "ఏమండీ! తిట్టిందండీ! నన్నే!" ఆవిడ మొహం చూస్తే బయట లడాయి జరిగిందో పండగ జరిగిందో తెలిసేది కాదు.

వాన పడ్డ రోజు కూడా గొడుగేసుకుని ఎక్కారు బావగారు. "దిగండి, జలుబు చేస్తుంది!" "వానలోనే అసలు పరీక్ష! ఎంత?" "దిగితే చెప్తాను!" ఆ పూట అంకె తేలలేదు గానీ, ఆమె ఆయనకి వేణ్ణీళ్ళు కాచిచ్చి, అరగంట చీవాట్లు పెట్టింది. అరగంటలో ఆమె ఎన్ని మాటలాడిందో లెక్కపెట్టడానికి దర్జీ దగ్గర గజం టేపు చాల్లేదు.

ఇంతలో నెలాఖరు ఆదివారం వచ్చేసింది. సామాను సగం సర్దింది చిన్నకోడలు. సగం ఎందుకు ఆగిందంటే, ఎప్పుడు సర్దబోయినా ఐదు కొట్టేది.

అన్నయ్య బండితో వీధి మొదట్లోకి వచ్చేసరికి ఆడగొంతు ఒకటి ఆకాశం బద్దలు కొడుతోంది. దర్జీ కొట్టు ముందు బండి ఆపించాడు.

"ఏమండీ, ఎవరో కొట్టుకుంటున్నట్టున్నారే?"

"అబ్బే, ఐదు గంటల సిగ్నలండి," అన్నాడు దర్జీ. "ముప్పై ఎనిమిది దగ్గర ఇరుక్కుంది."

"ఎవరావిడ?"

"మీ చెల్లెలేగా!"

అన్నయ్య బండి దిగడం మర్చిపోయాడు. ఆయన చెల్లెలు కిటికీలోంచి సగం బయటికి వంగి, చెయ్యి ఊపుతూ, "నలభై! నలభై రెండు! ఆగండాగండి, దాటించేశారు! ఎందుకండీ ఆ తొందర!" అని అరుస్తోంది.

మెట్లెక్కి పైకొచ్చి సంగతంతా విన్నాడు. "నెల్లాళ్ళుగా రోజూ ఇదేనా? ఒక్క నట్టు పని. నేను బిగించేస్తాను ఉండు," అని జేబులోంచి స్పానరు తీశాడు. స్పానరు లేకుండా ఆయన పెళ్ళిపీటల మీద కూడా కూర్చోలేదు.

డాబా మెట్ల మీద బావగారు అడ్డం పడ్డారు. "వద్దు నాయనా. అది చాలా సున్నితం. అసలు కొండ మీదే ఏదో..."

"చూస్తాను కదండీ."

"పావురం గుడ్లు పెట్టింది!"

"యాంటెనా మీదా?"

బావగారు పక్కకి తప్పుకుని, మెట్లు దిగి, వాకిట్లో స్టూలు మీద కూర్చున్నారు. పెద్ద గడియారం విప్పి మళ్ళీ బిగించాక ఒక చక్రం చేతిలో మిగిలిపోయిన మనిషిలా కూర్చున్నారు.

"చెల్లీ, ఒకసారి పైకి రా," అని అన్నయ్య కేక.

ఏడాది తర్వాత డాబా ఎక్కింది చిన్నకోడలు. యాంటెనా నిలబెట్టిన గొట్టం మీద ఎర్రటి గోళ్ళరంగుతో గీసిన గీత ఉంది. దానికి రెండు వేళ్ళ ఎడంగా ఇంకో గీత. రెంటికీ నడుమ గడియారపు పళ్ళెం మీద ఉన్నట్టు సన్నసన్నని గీతలు పన్నెండు, లెక్కగా. పైన, యాంటెనాని గొట్టానికి బిగించిన పట్టీ మీద ఒక ముల్లు గుర్తు. గీతల పక్కన చీమ తలకాయంత అక్షరాలు. అన్నయ్యకి ఆనలేదు. ఆమె వంగి చదివింది. ఒకదాని పక్కన 'వచ్చును' అని ఉంది. రెండోదాని పక్కన 'పోవును' అని.

అన్నయ్య ముల్లుని 'వచ్చును' మీదికి తిప్పి బిగించాడు. కింద చిన్నకోడలి కిటికీలో ఆమె బదులు నిలబడ్డ అక్కయ్య గొంతు, "తొంభై నాలుగు! అద్దంలా ఉంది!" అంది. వెంటనే, "అయ్యో," అని కూడా అంది. అరవై దాటిన అక్కయ్య చీర అంచు కింద, ఎవరికీ కనబడకుండా, కాలివేళ్ళకి అదే ఎర్రరంగు వేసుకుంటుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

'వచ్చును' గీత ఉన్న చోటు ఆమెకి తెలుసు. అతను బిగించినప్పుడు యాంటెనా అటే చూస్తూ ఉండేది. బావగారు ఎన్నిసార్లు తిప్పినా, రోజూ చివరికి వెంట్రుకవాసి తేడా లేకుండా తమ్ముడు నిలబెట్టిన చోటికే తెచ్చి వదిలారన్నమాట.

అన్నయ్యకి కోపం వచ్చింది. "చూశావా? కావాలని రోజూ తిప్పేసి, పైన నిలబడి నీ చేత అరిపిస్తున్నాడా పెద్దమనిషి! వినపడలేదట, వినపడలేదు!"

చిన్నకోడలు పిట్టగోడ మీంచి కిందికి చూసింది. వీధికి అటుపక్క దర్జీ గోడగడియారం కుంటితే అన్నం తింటూ పసిగట్టిన మనిషి వాకిట్లో తల వంచుకుని ఉన్నారు. నెల్లాళ్ళుగా పదడుగుల పైనుంచి ఆయనకి ఒక్క మాట వినబడలేదు.

"అన్నయ్యా, బండి పంపించెయ్," అంది.

"అదేమిటే?"

"బొమ్మ రావడం లేదుగా. ఇంత రిపేరు పెట్టుకుని ఎలా రాను?"

"ఇప్పుడేగా తొంభై నాలుగు వచ్చింది!"

"ఆ స్పానరు ఇలా ఇయ్యి."

నట్టు వదులు చేసింది. ముల్లుని 'వచ్చును' దగ్గర్నించి పన్నెండు గీతలూ దాటించి 'పోవును' మీద నిలబెట్టింది. బిగించింది. గట్టిగానే బిగించింది, అన్నకి చెల్లెలే కదా. స్పానరు ఆయన చేతిలో పెట్టి కిందికి దిగి, కిటికీలో నిలబడి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"బావగారూ! బొమ్మ పోయిందండీ!"

బావగారు స్టూలు మీంచి లేచారు. ముందు కిటికీ వంక చూశారు, తర్వాత డాబా వంక, తర్వాత అక్కయ్య వంక. అక్కయ్య, "నన్ను చూస్తారేం, ఎక్కండి!" అంది. ఆ తర్వాత ఆ వయసులో రెండేసి మెట్లు ఎలా ఎక్కారో ఆ మెట్లకే తెలియాలి. దారిలో అన్నయ్య ఎదురైతే ఒక్క క్షణం ఆగి సగం మూసిన కంటితో ఎగాదిగా చూశారు. "బలం తొంభై ఐదు. నాణ్యత కాస్త తిప్పాలి. కాఫీ తాగి వెళ్ళు నాయనా."

ఎదురుగా దర్జీ మిషను ఆపాడు. బట్టీ ముసలాయన కత్తి పక్కన పెట్టాడు. పావురం కూడా డ్యూటీకి వచ్చి వాలింది.

"ఎంత?" అని పైనుంచి కేక.

చిన్నకోడలు తెర వంక చూసింది. రెండు గీతలూ అడుగంటి ఉన్నాయి.

"బలం సున్నా! నాణ్యత సున్నా!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచింది.

పిట్టగోడ మీంచి బావగారి తల కిందికి వంగింది.

"వినపడలేదమ్మాయ్! ఇంకాస్త గట్టిగా!"